మోల్: ఒకే స్పెల్లింగులో ఎన్నో మాటలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషులో ఎం, ఓ, ఎల్, ఈ అనే నాలుగు అక్షరాలతో రాసే 'మోల్' కెమిస్ట్రీ పుస్తకంలో ఒక సంఖ్య. చర్మ వైద్యుడి చీటీలో మచ్చ. యుద్ధ చరిత్రలో సముద్రంలోకి కట్టిన గోడ. గూఢచారి కథల్లో ఇంటిదొంగ. నిఘంటువులో ఇన్ని అర్థాలు వరసగా చూసి కంగారుపడే విద్యార్థులూ అనువాదకులూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఈ మాట మీద నాకు చాలా ఇష్టం. అందుకే కొన్ని జవాబులు పొడవయ్యాయి.

ఇది చాలా అర్థాలున్న ఒకే మాటా, లేక చాలా మాటలా?

చాలా మాటలు. మన 'కాలు'నే తీసుకోండి. మనిషి కాలు నుంచి కుర్చీ కాలు వచ్చింది. అది ఒకే మాట, పోలికను బట్టి అర్థం విస్తరించింది. 'నిప్పు మీద చేయి పెడితే కాలుతుంది' అన్నప్పటి 'కాలు' మాత్రం వేరే మాట. దానికీ నడిచే కాలికీ ఏ సంబంధమూ లేదు, ధ్వని ఒకటి కావడం తప్ప. మోల్ విషయంలో ఈ రెండూ జరిగాయి. నేల తవ్వే జంతువు మోల్ నుంచి గూఢచారి మోల్ పుట్టాడు. చర్మం మీది మోల్, రేవులోని మోల్, కెమిస్ట్రీ మోల్, మెక్సికో వంటకం మోలే వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే స్పెల్లింగులో కలిశాయి. అందుకే మంచి ఇంగ్లీషు నిఘంటువులు వీటన్నింటినీ ఒకే ఆరోపం (అర్థాలిచ్చే తలమాట) కింద పెట్టకుండా, పక్కన చిన్న అంకె వేసి విడివిడిగా ఇస్తాయి. ఆ అంకె చూడటం అలవాటు చేసుకుంటే సగం తికమక తీరిపోతుంది.

జంతువుకు ఆ పేరు ఎలా వచ్చింది?

నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ బతికే ఈ చిన్న ప్రాణికి ఇంగ్లీషులో 'మోల్' మొదటి పేరు కాదు. ప్రాచీన ఇంగ్లీషులో దీన్ని 'వాండ్' అనేవారు. తర్వాత 'మోల్డ్‌వార్ప్' అనే పేరు బాగా వాడారు. అందులో 'మోల్డ్' అంటే మట్టి, 'వార్ప్' అంటే విసిరేది. వెరసి 'మట్టి విసిరేది'. దాని పని చూసి పెట్టిన పేరు కాబట్టి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. మోల్ అనే పొట్టి రూపం పద్నాలుగో శతాబ్దంలో కనిపిస్తుంది. డచ్చి భాషలో ఇప్పటికీ దీని పేరు 'మోల్'. ఇంగ్లీషు మాటను పండితులు ఆ కుటుంబంతోనే ముడిపెడతారు. పాత పొడవాటి పేరు తెగి చిన్నదైందనే అభిప్రాయమూ ఉంది.

జర్మన్‌లో దీని పేరు 'మౌల్‌వుర్ఫ్'. అక్కడ మట్టి అనే పాత మాట జనం మరచిపోయారు. దాని స్థానంలో 'నోరు' అని అర్థమిచ్చే 'మౌల్' వచ్చి కూర్చుంది. దాంతో 'నోటితో విసిరేది' అనే అర్థం స్థిరపడింది. నిజానికి ఆ జంతువు మట్టిని తోసేది నోటితో కాదు, పారల్లాంటి ముందు కాళ్లతో.

తెలుగులో దాన్ని ఏమనాలి?

జనం నోట నలిగిన పేరు తెలుగులో లేదు. కొందరు చుంచెలుక అంటారు, మరికొందరు పందికొక్కు అంటారు. రెండూ వేరే జంతువులే. చుంచు కనీసం దీనికి దూరపు చుట్టం. పందికొక్కు మాత్రం ఎలుక జాతిది. మోల్ ఎలుక కానే కాదు, గింజలు కొరకదు, ప్రధానంగా వానపాములు తింటుంది. కాబట్టి అనువాదంలో 'మోల్ అనే నేలతవ్వు జంతువు' అని ఒకసారి చెప్పి, ఆ తర్వాత మోల్ అనే రాయడం మేలు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంగ్లీషులోని 'బాండికూట్' మన పందికొక్కే. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో పెంచే ఒక జంతువుకు కూడా పేరైంది. మాటలు ఎంత దూరం ప్రయాణిస్తాయో చూడండి.

మోల్‌కు కళ్లు కనపడవా?

కనిపిస్తాయి, కానీ అంతంత మాత్రమే. కళ్లు ఆవగింజల్లా బొచ్చులో దాగి ఉంటాయి. వెలుగునీ చీకటినీ గుర్తుపట్టగలవు. దాని అసలు ఆధారం ముక్కు, స్పర్శ. ఉత్తర అమెరికాలోని నక్షత్ర ముక్కు మోల్‌ను దగ్గర నుంచి చూస్తే ముక్కు కొసన గులాబీ రంగులో 22 కండగల వేళ్లు పువ్వులా విచ్చుకుని ఉంటాయి. ఆ వేళ్లతో నేలను తడుముతూ, దొరికిన పురుగు తినదగినదో కాదో తేల్చి, సెకనులో చిన్న భాగంలోనే మింగేస్తుంది. పాలిచ్చే జంతువుల్లో ఇంత వేగంగా తినేది మరొకటి లేదు.

దాని బొచ్చు కూడా చెప్పుకోదగ్గదే. పిల్లి వీపును తోక వైపు నుంచి తల వైపు నిమిరితే వెంట్రుకలు ఎదురు తిరుగుతాయి. మోల్ బొచ్చు ఎటు నిమిరినా అటే ఒదుగుతుంది. ఇరుకు సొరంగంలో ముందుకీ వెనక్కీ జరగాలి కదా! 'మోల్‌స్కిన్' అనే మెత్తటి దళసరి నూలు బట్టకు ఆ పేరు ఈ పోలికతోనే వచ్చింది. అందులో జంతువు చర్మమేమీ ఉండదు.

'మోల్‌హిల్‌ను పర్వతం చేయడం' అంటే?

మనం గోరంతను కొండంత చేయడం అంటాం, అదే. మోల్‌హిల్ అంటే సొరంగం తవ్వినప్పుడు పైకి తోసిన మట్టి కుప్ప. ఈ జాతీయం ఇంగ్లీషులో 1548 నాటి రాతలోనే ఉంది.

అయితే ఒక మట్టి కుప్ప నిజంగానే కొండంత పని చేసింది. 1702లో ఇంగ్లండ్ రాజు మూడో విలియం స్వారీ చేస్తుండగా గుర్రం మోల్‌హిల్ దగ్గర తడబడి ఆయన్ను కింద పడేసిందని చెబుతారు. మెడకూ భుజానికీ మధ్య ఉండే కాలర్ బోన్ విరిగింది. ఆ తర్వాత జబ్బుపడి మార్చి 8న చనిపోయాడు. ఆయన్ను రాజుగా ఒప్పుకోని జాకొబైట్లు ఆ తర్వాత విందుల్లో 'నల్ల మఖమల్ కోటు వేసుకున్న చిన్న పెద్దమనిషి' పేరు చెప్పి గ్లాసులు ఎత్తేవారు. ఆ పెద్దమనిషి మరెవరో కాదు, మోల్.

గూఢచారిని మోల్ అనడం ఎప్పటి నుంచి?

పోలిక పాతదే. ఫ్రాన్సిస్ బేకన్ 1622లో ఏడో హెన్రీ రాజు గురించి రాస్తూ, ఆయనకు గోతులు తవ్వే రహస్య శత్రువులను మోల్స్ అన్నాడు. కానీ నేడు మనకు తెలిసిన అర్థం జనంలోకి వెళ్లింది 1974లో వచ్చిన జాన్ లె కారె నవలతో. ఆయన స్వయంగా బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేసిన రచయిత.

మామూలు గూఢచారి బయటి నుంచి వస్తాడు. మోల్ లోపలే ఉంటాడు. ఏళ్ల తరబడి నమ్మకంగా ఉద్యోగం చేస్తూ, పదోన్నతులు పొందుతూ, అవతలి పక్షానికి సమాచారం చేరవేస్తాడు. బ్రిటిష్ గూఢచారి శాఖలో పై స్థాయికి ఎదిగి, సోవియట్ యూనియన్ కోసం పనిచేసి, 1963లో మాస్కో పారిపోయిన కిమ్ ఫిల్బీ దీనికి అందరూ చెప్పే ఉదాహరణ.

తెలుగు పత్రికలు ఈ అర్థంలో 'కోవర్టు' అంటాయి. ఇంగ్లీషులో విశేషణమైన మాటను మనం మనిషికి పేరుగా మార్చుకున్నాం. అది తప్పని నేను అనను, స్థిరపడిపోయింది. కానీ నాకు 'ఇంటిదొంగ' అనే మాటే ఇంకా బాగా అతికినట్టు తోస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతలోని నిస్సహాయత అంతా అందులో ఉంది.

చర్మం మీది మోల్ ఆ జంతువు నుంచే వచ్చిందా? రెండూ నల్లగానే ఉంటాయి కదా!

చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. చర్మం మీది మోల్ ప్రాచీన ఇంగ్లీషులోని 'మాల్' నుంచి వచ్చింది. అప్పట్లో దాని అర్థం మరక, ముఖ్యంగా బట్ట మీద పడ్డ మరక. బట్ట మీది మరక క్రమంగా ఒంటి మీది మచ్చ అయింది. జర్మన్‌లో మచ్చకూ గుర్తుకూ వాడే 'మాల్' దీని చుట్టమే.

పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. ఇనుప తుప్పు వల్ల బట్ట మీద పడే మరకను ఇంగ్లీషులో 'ఐరన్ మోల్డ్' అంటారు. అందులోని 'మోల్డ్' బూజు కాదు, మరక అనే మన పాత మోల్. అర్థం మరుగున పడ్డాక జనం దాన్ని తమకు తెలిసిన మాటలా మార్చుకున్నారు.

తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, పుట్టుమచ్చ. పేరు పుట్టుకతో వచ్చిందని చెబుతున్నా, వీటిలో ఎక్కువ భాగం బాల్యంలోనూ యవ్వనంలోనూ వచ్చేవే. రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడటం వల్ల ఇవి ఏర్పడతాయి. దాదాపు అన్నీ హాని లేనివే. అయితే ఒక మచ్చ ఆకారం రెండు వైపులా సమానంగా లేకపోయినా, అంచులు చెదిరినట్టున్నా, రంగు ఒకేలా లేకపోయినా, 6 మిల్లీమీటర్లకు మించి వెడల్పున్నా, అన్నిటికంటే ముఖ్యంగా కొద్ది కాలంలో మారుతూ ఉన్నా, చర్మ వైద్యుడికి చూపించాలి. ఇది భాష గురించిన వ్యాసమే అయినా ఈ సంగతి రాయకుండా దాటడం నాకు ఇష్టం లేదు.

యుద్ధ చరిత్రలో సైనికులు మోల్ మీద నిలబడ్డారని ఉంటుంది. అదేమిటి?

రేవును అలల నుంచి కాపాడటానికి సముద్రంలోకి కట్టే భారీ గోడ. లాటిన్‌లో 'మోలెస్' అంటే పెద్ద రాశి, బరువైన కట్టడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 167 మీటర్లకు పైగా ఎత్తున నిలిచిన మోలే ఆంటోనెల్లియానా కట్టడం పేరులో ఆ పాత అర్థం ఇప్పటికీ ఉంది.

ఇలాంటి కట్టడాల్లో పేరు మోసింది అలెగ్జాండర్ కట్టించినది. క్రీస్తుపూర్వం 332లో టైర్ నగరం ఒక దీవి. దాన్ని పట్టుకోవడానికి ఆయన సైన్యం తీరం నుంచి దీవి దాకా సముద్రాన్ని పూడ్చుకుంటూ మోల్ కట్టింది. ముట్టడి ఏడు నెలలు సాగింది. తర్వాత ఆ గట్టుకు ఇరువైపులా శతాబ్దాల తరబడి ఇసుక మేటవేసింది. నేటి లెబనాన్‌లోని టైర్ దీవి కాదు, ప్రధాన భూభాగంలో కలిసిపోయింది. భూగోళాన్ని మార్చిన మోల్ అది.

మీరు చదివింది మాత్రం బహుశా ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ రేవు గురించి అయి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మే చివర, జూన్ మొదట్లో అక్కడ చిక్కుకున్న 3,38,000 మందికి పైగా మిత్రపక్ష సైనికులను ఓడల్లో తరలించారు. సముద్రతీరంలో చిన్న పడవలెక్కే సైనికుల బొమ్మే అందరికీ గుర్తు. కానీ తీరం నుంచి ఎక్కినవారు లక్షకు లోపే. మిగిలిన రెండు లక్షలకు పైగా మంది రేవు నుంచే, అందులోనూ ఎక్కువగా తూర్పు మోల్ మీది నుంచే వెళ్లారు. ఓడలు ఆగడానికి కట్టింది కాదది. పైన సన్నటి చెక్క దారి, కింద ఎగసిపడే నీరు, ఆకాశంలో బాంబర్లు. ఆ దారి మీద మనుషులు గంటల తరబడి బారులు తీరి నిలబడ్డారు. ఈ ఘట్టాన్ని అనువదిస్తూ మోల్‌ను పుట్టుమచ్చ చేస్తే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే. 'అలల అడ్డుగోడ' అని రాయండి, చాలు.

కెమిస్ట్రీ మోల్ ఎక్కడిది?

జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ 1890లలో 'మోలెక్యూల్' అనే మాట నుంచి 'మోల్' తయారు చేశాడు. మోలెక్యూల్ అంటే అణువు. ఆ మాట ఎక్కడిదంటే, ఇప్పుడే చెప్పుకున్న లాటిన్ 'మోలెస్'కు చిన్నది అనే అర్థమిచ్చే ప్రత్యయం చేర్చి తయారైంది. అంటే 'చిట్టి రాశి'. కాబట్టి రేవులోని రాతిగోడా, కంటికి కనిపించని అణువులను లెక్కపెట్టే మోలూ ఒకే తల్లి బిడ్డలు. నాకు ఈ మాట మీద ఇష్టం మొదలైంది ఇక్కడే. ఇంగ్లీషులో కూల్చడానికి వాడే 'డిమాలిష్' కూడా ఈ ఇంటిదే. కట్టిన రాశిని విప్పేయడం అన్నమాట.

అసలు మోల్ అంటే ఎంత?

డజను అంటే 12 అయినట్టే, మోల్ అంటే 6.02214076 × 10²³. దీన్ని అవగాడ్రో సంఖ్య అంటాం. ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1811లో వాయువుల గురించి ప్రతిపాదన చేశాడే కానీ ఈ సంఖ్యను లెక్కగట్టలేదు. ఆయన పేరు దీనికి పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పెరాన్, 1909లో.

కొలమానాల అంతర్జాతీయ వ్యవస్థలోకి మోల్ 1971లో చేరింది. అప్పటి నిర్వచనం 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులు ఉంటాయో అన్ని కణాలు. 2019 మే 20 నుంచి ఆ ఆధారం తీసేసి, సంఖ్యనే నేరుగా స్థిరపరిచారు. పాత పాఠ్యపుస్తకంలో ఒక నిర్వచనం, కొత్తదానిలో మరొకటి కనిపిస్తే కారణం అదే.

అంత పెద్ద సంఖ్య చేతికి ఎలా అందుతుందో చూడాలంటే ఒక చిన్న గ్లాసులో మూడున్నర టీస్పూన్ల నీళ్లు పోయండి. దాదాపు 18 గ్రాములు. గ్లాసు అడుగు తడిసి కొంచెం పైకి వస్తుంది, అంతే. అందులో ఉన్నవి ఒక మోల్ నీటి అణువులు. ప్రపంచంలోని ఎనిమిది వందల కోట్ల మందీ నిద్రాహారాలు మాని, ఒక్కొక్కరు సెకనుకు ఒక అణువు చొప్పున లెక్కపెడితే ఆ గ్లాసు పూర్తికావడానికి దాదాపు 24 లక్షల సంవత్సరాలు పడుతుంది. పిల్లలకు సూత్రం కంటే ముందు ఈ గ్లాసు చూపించాలని నా అభిప్రాయం.

అక్టోబరు 23న మోల్ దినోత్సవం ఎందుకు?

అమెరికాలో తేదీని నెల ముందు పెట్టి రాస్తారు కాబట్టి అది 10/23 అవుతుంది. 10²³ గుర్తుకు వస్తుంది. వేడుక ఉదయం 6:02 నుంచి సాయంత్రం 6:02 వరకు. బడుల్లో ఆ రోజు గోడల మీద జంతువు మోల్ బొమ్మలు పెడతారు. బంధుత్వం లేని ఇద్దరు ఒకే పేరు వల్ల ఏడాదికోసారి కలుస్తారు.

మోలార్ పళ్లకూ మోలార్ ద్రావణానికీ సంబంధం ఉందా?

లేదు. మోలార్ ద్రావణం (లీటరుకు ఒక మోల్ పదార్థం కరిగినది) కెమిస్ట్రీ మోల్ నుంచి వచ్చింది. మోలార్ పన్ను లాటిన్ 'మోలా' నుంచి వచ్చింది. మోలా అంటే తిరగలి రాయి. ఆహారాన్ని తిరగలిలా నూరే పళ్లు కాబట్టి ఆ పేరు. మన పాఠ్యపుస్తకాల్లో చర్వణకాలు అంటారు. చర్వణం అంటే నమలడం. ఇంగ్లీషు 'మిల్' కూడా ఈ కుటుంబంలోదే. తెలుగులో 'నూరు' ఒక సంఖ్య, అదే 'నూరు' పిండి చేసే పని. ఇంగ్లీషులోనూ సంఖ్య ఒక మోల్ నుంచి, నూరే పన్ను ఒక మోలా నుంచి. ఇది యాదృచ్ఛికమే, అయినా ఎంత ముచ్చటగా ఉందో!

స్కానింగ్ రిపోర్టులో 'మోల్' అని ఉంది. బిడ్డకు పుట్టుమచ్చ ఉందనా?

కాదు. దయచేసి ఈ జవాబు జాగ్రత్తగా చదవండి. గర్భానికి సంబంధించిన రిపోర్టులో మోల్ లేదా మోలార్ అని ఉంటే అది తెలుగులో ముత్యాల గర్భం అనే పరిస్థితి. ఫలదీకరణలో లోపం వల్ల, మాయగా ఎదగవలసిన కణజాలం నీటి బుడగల గుత్తుల్లా పెరుగుతుంది. ఈ మాట కూడా తిరగలి రాయి 'మోలా' నుంచే వచ్చింది. గర్భంలో పెరిగే ఆకారం లేని ముద్దను పూర్వం లాటిన్‌లో అలా పిలిచేవారు. దీనికి చికిత్స ఉంది. తీసేసిన తర్వాత కూడా హార్మోను స్థాయి మామూలుకు వచ్చేదాకా రక్త పరీక్షలు మానకూడదు. తల్లి చేసిన తప్పు వల్ల వచ్చేది కాదు. నిఘంటువు మూసి వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

మెక్సికో 'మోలే'ను మోల్ అని పలకవచ్చా?

వద్దు, మోలే అనాలి. స్పెల్లింగు ఒకటే కానీ మాట నావాట్ల్ భాషది. అజ్టెక్‌లు మాట్లాడిన ఆ భాషలో 'మోల్లి' అంటే చిక్కటి పులుసులాంటిది. స్పానిష్‌లో నూరడాన్ని 'మోలెర్' అంటారు, మోలేకు మిరపకాయలూ గింజలూ నూరుతారు కాబట్టి అక్కడి నుంచి వచ్చిందని చాలామంది నమ్ముతారు. వినసొంపైన పొరపాటు. 'గ్వాకమోలే'లో చివర ఉన్నది కూడా ఈ మోల్లియే, ముందున్నది అవకాడో. టమాటా, చాక్లెట్, చిల్లీ అనే మాటలూ ఆ భాషా ప్రాంతం నుంచే ప్రపంచానికి అందాయి.

అంగారకుడి మీద మోల్ ఏమిటి?

నేలను తవ్వే యంత్రాలకు కూడా జంతువు పేరు పెడుతుంటారు. 2018లో అంగారకుడి మీద దిగిన నాసా ఇన్‌సైట్ నౌకలో 40 సెంటీమీటర్ల పొడవున్న పరికరాన్ని మోల్ అన్నారు. అయిదు మీటర్ల లోతుకు దిగి గ్రహం లోపలి వేడిని కొలవాలి. అక్కడి మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. రెండేళ్లు ప్రయత్నించి 2021 జనవరిలో విరమించారు.

ఒకే రచనలో రెండు మోల్స్ వస్తాయా?

వస్తాయి, అదీ షేక్‌స్పియర్ దగ్గర. హామ్లెట్ నాటకం మొదటి అంకం నాలుగో రంగంలో, మనిషి స్వభావంలో పుట్టుకతో ఉండే చిన్న లోపం గురించి మాట్లాడుతూ యువరాజు దాన్ని మోల్ అంటాడు. అది మచ్చ. తర్వాతి రంగంలోనే, చనిపోయిన తండ్రి గొంతు రంగస్థలం కింద నుంచి వినిపిస్తుంది. హామ్లెట్ ఎటు జరిగితే ఆ గొంతు అటు జరుగుతుంది. అప్పుడు అతడు 'ముసలి మోల్' అని పిలిచి, నేలలో ఇంత వేగంగా ఎలా తవ్వుకుపోతున్నావని అడుగుతాడు. ఇది జంతువు. తెలుగు చేసేవారు మొదటి చోట 'మచ్చ' అని సులువుగా దాటవచ్చు. రెండో చోట మాత్రం కలం ఆగుతుంది, ఎందుకంటే ఆ జంతువుకు మనకింకా పేరు లేదు.